గాలి ఖాతాలో రాసేసిన చావులు

రోహిణి కార్తె వచ్చి ఒక్క రోజయింది. 2024 మే 26, ఆదివారం. పొద్దుటి నుంచీ రోళ్లు పగిలే ఎండ. మధ్యాహ్నం దాటాక ఆకాశం నల్లబడి పాలమూరు నుంచి హైదరాబాదు దాకా, అటు మెదక్ దాకా గాలిదుమారం లేచింది. నాగర్‌కర్నూల్ జిల్లా తాడూరు మండలం ఇంద్రకల్‌లో కోళ్ల ఫారం కోసం కడుతున్న షెడ్డు గోడ కూలి నలుగురు చనిపోయారు. వాళ్లలో ఒక తండ్రి, ఆయన కూతురు ఉన్నారు. హైదరాబాదు శివార్లలో బైకు మీద పోతున్న ఇద్దరి మీద చెట్టు విరిగిపడింది. రాష్ట్రమంతా కలిపి 13 మంది పోయారని మర్నాడు పత్రికలు లెక్క కట్టాయి.

ఆ రాత్రే చెన్నైలో ఐపీఎల్ ఫైనల్. ఆడుతున్నది హైదరాబాద్ జట్టు. మ్యాచ్ మధ్యలో కరెంటు పోయిందని విసుక్కున్నవాళ్లను నేను తప్పుపట్టను. ఇంద్రకల్‌లో ఏం జరిగిందో వాళ్లకు అప్పటికి తెలియదు. నా కోపమంతా మర్నాటి మీద, మూడోనాటి మీద. "గాలివాన బీభత్సం" అని శీర్షికలు వచ్చాయి. నాయకులు దిగ్భ్రాంతి వ్యక్తం చేశారు. తర్వాతి వారం లోక్‌సభ ఓట్ల లెక్కింపు వచ్చింది, అందరి కళ్లూ అటు తిరిగాయి. ఆ గోడ ఎందుకు కూలింది, దాని కింద ఆ మనుషులు ఎందుకు ఉన్నారు, ఉండొద్దని చెప్పాల్సినవాళ్లు ఎవరు అని అడిగిన గొంతు నాకైతే వినిపించలేదు.

గాలి వచ్చింది, గోడ కూలింది, మనుషులు పోయారు. ఇలా చెప్పుకుంటే చంపింది గాలే అవుతుంది. గాలి మీద కేసు పెట్టలేం కాబట్టి ఫైలు మూసేయొచ్చు. ప్రతి వేసవిలో ఏప్రిల్, మే నెలల్లో మన రెండు రాష్ట్రాల్లో జరుగుతున్నది ఇదే. ఒక్కో దుమారానికి ఇద్దరు, ముగ్గురు, ఐదుగురు. ఒకచోటే వందమంది పోతే దేశం ఉలిక్కిపడుతుంది. అదే వందమంది ఊరికొకరు చొప్పున పోతే జిల్లా పేజీలో మూలన నాలుగు వరుసలు.

ఒక లెక్క చెప్తాను. ఇంజినీర్లకు ఇది కొత్త కాదు, మామూలు పాఠకుడికి మాత్రం తెలియాలి. కట్టడాల మీద గాలి ఒత్తిడి ఎంత పడుతుందో చెప్పే భారత ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 875 మూడో భాగం. అందులో హైదరాబాదుకు నిర్దేశించిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. అంటే గంటకు సుమారు 158 కిలోమీటర్లు. కోస్తాలో విశాఖకు, విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మన ఊళ్లలో లేచే కట్టడాన్ని ఆ గాలిని లెక్కలోకి తీసుకునే కట్టాలి. మరి వేసవి దుమారం వేగమెంత? వాతావరణ కేంద్రం హెచ్చరికల్లో ఎక్కువగా కనిపించేది గంటకు 40 నుంచి 60. గట్టిగా వీస్తే 80. వంద దాటేది అరుదు. నూట యాభైకి నిలవాల్సినది డెబ్బై ఎనభైకే పడిపోతుంటే ఆ తప్పు గాలిదెలా అవుతుంది?

కడుతూ ఉన్న గోడ మరీ అన్యాయమైనది. దానికి అడ్డగోడ ఉండదు, పైన కప్పు ఉండదు, సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంటుంది. నిలువునా లేచి ఊపుకి సిద్ధంగా ఉంటుంది. వాన మొదలవగానే కూలీలు పరుగెత్తుకెళ్లి నిలబడేది దాని చాటునే. పల్లెలో కట్టే షెడ్డుకు ఇంజినీరు ఉండడు, తనిఖీ ఉండదు. మేస్త్రీకి తెలిసిందే శాస్త్రం. ఆ మేస్త్రీకైనా "మబ్బు కమ్మితే గోడ దగ్గర ఎవరూ ఉండొద్దు" అని ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?

పల్లెను వదిలేద్దాం. అక్కడ ఇంజినీరు లేడు సరే. హైదరాబాదు బాచుపల్లిలో ఉన్నాడు కదా? అదే 2024లో మే 7 రాత్రి గాలివానకు, కడుతున్న అపార్ట్‌మెంటు ప్రహరీ గోడ కూలీల రేకుల షెడ్ల మీద పడింది. ఏడుగురు పోయారు. అందులో నాలుగేళ్ల పిల్లవాడు ఒకడు. ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. వాళ్లు కడుతున్న ఇంట్లో ఎవరో ఉంటారు, వాళ్లను మాత్రం ఆ ఇంటి గోడ కింద పడుకోబెట్టారు. కూలే గోడకు ఇంత దూరంలో షెడ్లు వేయాలని తెలియనివాళ్లా ఆ అంతస్తుల మీద అంతస్తులు లేపింది?

ఆ తర్వాత వారం తిరక్కముందే, మే 13న, ముంబయి ఘాట్కోపర్‌లో దుమ్ముతో కూడిన ఈదురుగాలికి పెట్రోలు బంకు మీద హోర్డింగ్ కూలి 17 మంది పోయారు. ఆ నగరంలో హోర్డింగ్ 40 అడుగులకు 40 అడుగులు మించకూడదు. అక్కడ నిలబెట్టింది 120కి 120. ఆ తర్వాత వీజేటీఐ ఇంజినీరింగ్ సంస్థ నిపుణులు పరీక్షించి తేల్చిందేమిటంటే, దాని పునాది గంటకు 49 కిలోమీటర్ల గాలిని మాత్రమే ఆపగలదు. ఆ రోజు వీచింది 87. ఆపాల్సింది 158. ముంబయికీ హైదరాబాదుకూ ప్రమాణం ఒకటే అని గుర్తు చేస్తున్నాను. మన నగరంలో రోడ్డు పక్కన నిలబెట్టిన ఇనుప చట్రాల్లో ఎన్ని 158కి నిలుస్తాయో, ఎన్ని 49కే ఒరుగుతాయో లెక్క తీసి ప్రజల ముందు పెట్టమనండి. 2019 ఏప్రిల్ 22న గాలికి ఎల్బీ స్టేడియంలో ఫ్లడ్‌లైటు స్తంభం కూలి ఒక మనిషి చనిపోయాడు. అది ప్రైవేటు హోర్డింగ్ కాదు, ప్రభుత్వ మైదానం.

సింహాచలం సంగతి తలచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. 2025 ఏప్రిల్ 30, అక్షయ తృతీయ. అప్పన్న నిజరూపాన్ని చూడగలిగేది ఏడాదికి ఆ ఒక్కరోజే. చందనం ఒలిచిన స్వామిని చూడాలని అర్ధరాత్రి నుంచే 300 రూపాయల టికెట్టు క్యూలో నిలబడ్డారు జనం. తెల్లవారుజామున గాలీ వానా కలిసి వచ్చాయి. క్యూ పక్కనున్న గోడ కూలింది. ఏడుగురు పోయారు. ఆ గోడ ఎప్పటిదో పాతది కాదు, వానలకు నాని నాని బలహీనపడింది కాదు. ఉత్సవానికి కొద్ది రోజుల ముందు హడావిడిగా లేపినది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం కట్టడంలో లోపాలను ఎత్తిచూపింది, అధికారులను సస్పెండ్ చేశారు. సరే. ఆ గోడ లేస్తున్నప్పుడు రోజూ దాని పక్కనుంచి నడిచిన అధికారులెందరు? ఉత్సవ ఏర్పాట్లు చూడడానికి వచ్చి, ఫొటోలు దిగి వెళ్లినవాళ్లెందరు? విశాఖకు 180 కిలోమీటర్ల గాలి లెక్క. హుద్‌హుద్ తుఫానును చూసిన ఊరు అది. ఆ ఊరికి గాలి గురించి ఎవరైనా చెప్పాలా?

"అకాల గాలివాన" అన్న మాట మన బులెటిన్లలో, పత్రికల్లో స్థిరపడిపోయింది. అందులో అకాలం ఏమీ లేదు. ఏటా వచ్చేదే, వచ్చే నెలలు కూడా అవే. ఎండకు నేల కాగుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ లోపలికి వస్తుంది. విదర్భ మీదుగా తెలంగాణ, రాయలసీమ దాటి తమిళనాడు దాకా ద్రోణి పరుచుకుంటుంది. వేడిగాలి నిట్టనిలువుగా లేచి పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు మేఘం కడుతుంది. అందులోంచి చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దూకి నేలను కొట్టి నలుదిక్కులకూ పరుచుకుంటుంది. చినుకు కంటే ముందు దుమ్ము ఎందుకు వస్తుందో రైతుకు ఎప్పటినుంచో తెలుసు. హైదరాబాదులో, మచిలీపట్నంలో, విశాఖలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి. మేఘం కడుతుంటేనే కనిపిస్తుంది. రాబోయే మూడు గంటలకు ఏ జిల్లాలో ఏముందో వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేసి చెప్తూనే ఉంది.

రాడార్‌కు కనిపించిన మేఘం మేకలు కాసే మనిషికి తెలిసేదెలా? అక్కడ తెగిపోయింది దారం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఒక్కోటీ లెక్కపెట్టగలిగిన పరికరాలు మన దగ్గరున్నాయి. అంత లెక్క చెప్పగలిగిన రాజ్యం, పొలంలో వేపచెట్టు కింద నిలబడిన కూలీకి "ఆ చెట్టు కిందినుంచి రా అమ్మా" అని చెప్పలేకపోయింది. సెల్‌కు మెసేజ్ పంపామంటారు. మిరపకాయలు కోసే ఆడమనిషి సెల్లు ఎక్కడుంటుంది? గట్టు మీద, సద్దిమూటలో. దేశంలో 2022లో పిడుగులకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. అంతకుముందు ఏళ్లలోనూ దాదాపు అంతే. వాళ్లలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్లే. ఊరి గుడి మైకుంది, మసీదు మైకుంది, పంచాయతీ ట్రాక్టరుంది. ఓట్లప్పుడు సందు సందుకూ తిరిగే మైకు బండ్లున్నాయి. దుమారం వస్తుందని మూడు గంటల ముందు తెలిసినప్పుడు అందులో ఒక్కటి కూడా నోరు తెరవదు.

చేతకాక అనడానికి లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పదివేల మందికి పైగా పోయారు. 1990 మేలో అదే కృష్ణా తీరానికి దానికి తీసిపోని తుఫాను వచ్చింది. ప్రాణనష్టం వెయ్యి దాటలేదు. ఆ వెయ్యీ తక్కువని నేను అనను, కానీ నడుమ పదమూడేళ్లలో అప్పటి ఉమ్మడి రాష్ట్రం నేర్చుకుంది. తుఫాను షెల్టర్లు కట్టింది, జనాన్ని ముందే తరలించింది, హెచ్చరికను ఊరి చివరి గుడిసె దాకా మోసింది. తలుచుకుంటే చేయగలమని చేసి చూపించింది మనమే. తుఫానుకు నాలుగు రోజుల ముందు నుంచే కంట్రోల్ రూములు, ప్రత్యేకాధికారులు, ముఖ్యమంత్రి సమీక్షలు. వేసవి దుమారం మాత్రం ఒక మధ్యాహ్నం వచ్చి సాయంత్రానికి పోతుంది. సమీక్షకు కూర్చునే లోపే పోతుంది. సమీక్షే పెట్టని విపత్తులో ఎంతమంది చస్తే ఎవరికి కావాలి?

ఇక పంట. మా వైపు ఒక వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర, యాసంగి కోతలయ్యాక, దుమారం వచ్చిన మర్నాటి పొద్దున చూసినది చెప్తాను. కేంద్రం అంటే భవనమేమీ కాదు, ఊరి బయట బీడు. గచ్చు లేదు, మెరక లేదు. రోడ్డు పొడుగునా కుప్పలు. ఒక కుప్ప మీద కప్పిన పట్టా రాత్రి గాలికి లేచిపోయి పక్కనున్న తుమ్మచెట్టుకు చిక్కుకుని, ముళ్లకు చీలి వేలాడుతోంది. దాని అంచుల మీద పెట్టిన రాళ్లు కుప్ప చుట్టూ పడి ఉన్నాయి. కుప్ప అడుగునుంచి నీళ్లు పారి, వడ్లు కాలువ కట్టి రోడ్డు పక్క గుంటలో చేరాయి. అరవై ఏళ్లు పైబడిన ఒకామె ఆ గుంటలోంచి చేటతో వడ్లు ఎత్తి, నీళ్లు వంచి, గట్టు మీద పోస్తోంది. పట్టా ఎవరిచ్చారమ్మా అని అడిగాను.

"ఎవ్వరిస్తరు బిడ్డా, కిరాయికి తెచ్చిన. దినానికింత అని. ఇప్పుడు చిరిగిన దానికి సుత పైసలు కట్టమంటరు."

కాంటా ఎందుకు కాలేదని అడిగితే చేతిలో చేట కింద పెట్టింది. "మిషన్ వెట్టి తేమ ఎక్కువున్నదన్నరు. పదిహేడు రావాల్నట. ఎండవోసిన. పదిహేడు వచ్చింది. గప్పుడు గోనెసంచుల్లేవన్నరు. సంచులొచ్చినయి, లారీ రాలే. లారీ కోసం చూస్తుంటె గాలొచ్చింది. ఇప్పుడు మల్ల తేమంటరు."

ఆమె నా అరచేతిలో గుప్పెడు వడ్లు పోసింది. ఉబ్బి ఉన్నాయి, పులిసిన వాసన. కొన్ని గింజల కొసన తెల్లగా మొలక పొడుచుకొస్తోంది. మొలకొస్తే మిల్లరు దించుకోడు. దించుకున్నా క్వింటాకు ఇన్ని కిలోలని తరుగు తీస్తాడు. ఆ తరుగు ఎవరి కంచంలోంచి పోతుందో వేరే చెప్పాలా? కుప్ప పోసి పదిహేను రోజులకు పైనే అయిందట. ఆ పదిహేను రోజుల్లో ఏ రోజు లారీ వచ్చినా ఆ గాలి ఆమెను ఏమీ చేయలేకపోయేది.

ఇప్పుడు నష్టపరిహారం రూలు వినండి. ఫసల్ బీమాలో కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు 14 రోజుల వరకు రక్షణ ఉంది. కేంద్రానికి తెచ్చి కుప్ప పోస్తే అది పొలం కాదు కాబట్టి వర్తించదు. కొనేదాకా సర్కారుది కాదు, పొలం దాటింది కాబట్టి బీమాది కాదు. ఆ పదిహేను రోజులూ ఆ వడ్లు ఎవరివీ కావు, ఆ ముసలమ్మవి తప్ప. పైగా తెలంగాణ 2020లోనే ఆ పథకంలోంచి బయటికి వచ్చేసింది. పథకం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. దాని బదులు ఏం పెట్టారన్నది నా ప్రశ్న.

విపత్తు సాయం నిబంధన మరీ చిత్రం. పంట 33 శాతం, ఆపైన పోతేనే పరిహారం. 30 శాతం పోయినవాడికి సున్నా. 2022-26 కాలానికి కేంద్రం పెట్టిన రేటు ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000 రూపాయలు, అంటే ఎకరాకు ఏడు వేలకు లోపే. బహువార్షిక తోటలకు హెక్టారుకు 22,500, ఎకరాకు తొమ్మిది వేల చిల్లర. అదీ రెండు హెక్టార్ల వరకే. అరటి తోట పెట్టుబడి ఎకరాకు లక్ష దాటుతుంది. గెల దిగే వేళ గాలికి చెట్టు నడిమికి విరిగితే ఆ గెల దేనికీ పనికిరాదు. పడిపోయిన తోటను నరికి గట్టుకు చేర్చడానికే మళ్లీ కూలి పెట్టాలి. పులివెందుల వైపు, అనంతపురం వైపు అరటి రైతునడగండి, ఆ పరిహారం ఆ కూలికైనా సరిపోతుందేమో.

నూజివీడులో, కొల్లాపూర్‌లో, జగిత్యాలలో మామిడిది ఇదే కథ. కోతకు పదిరోజులుందనగా దుమారం వస్తే చెట్టు కింద కాయ పరుచుకుంటుంది. తొడిమ తెగినచోట సొన కారి కాయంతా నల్లమచ్చ. తోటంతా ఆ సొన వాసనే. రాలిన కాయకు మార్కెట్లో ధర ఉండదు, పచ్చడి వ్యాపారి చెప్పిందే ధర. ఆ తోటను పూత మీదే గుత్తకు తీసుకుని డబ్బు ముందే కట్టినవాడికి అదీ దక్కదు. పాస్‌బుక్ యజమానిది కాబట్టి పరిహారం వస్తే గిస్తే యజమాని ఖాతాలో పడుతుంది. కౌలు రైతు సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం తెచ్చారు, తెలంగాణలో అది అటకెక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఇంకో చట్టం తెచ్చి కార్డుకు యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెట్టే యజమాని ఎంతమంది దొరుకుతారో పల్లెల్లో పుట్టినవాళ్లందరికీ తెలుసు.

2023 మార్చిలో గాలి, వడగళ్లు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాలను తొక్కేశాయి. తెలంగాణలో దెబ్బతిన్న పంట రెండు లక్షల ఇరవై ఎనిమిది వేల ఎకరాలని లెక్క తేలింది. అప్పటి ముఖ్యమంత్రి పొలాల్లోకి వెళ్లి ఎకరాకు పదివేలన్నారు, కౌలు రైతులకూ ఇస్తామన్నారు. మంచిదే. కానీ ముఖ్యమంత్రి హెలికాప్టరు దిగిన పొలానికి ఒక న్యాయం, దిగని ఏడాదికి ఇంకో న్యాయమా? పెద్దవాళ్ల మనసు కరిగితేనే దక్కేదాన్ని హక్కు అనరు.

జాతీయ స్థాయిలో చూస్తే ఇంకా మండిపోతుంది. అదే 2022-26 నిబంధనల్లో కేంద్రం గుర్తించిన విపత్తులు పన్నెండు. తుఫాను, కరువు, భూకంపం, అగ్ని, వరద, సునామీ, వడగళ్లు, కొండచరియలు, మంచు చరియలు, కుంభవృష్టి, చీడపీడలు, చలిగాలులు. గాలిదుమారం లేదు. పిడుగు లేదు. వడదెబ్బ లేదు. మనల్ని ఏటా చంపే మూడూ ఆ జాబితాలో లేవు. కావాలంటే రాష్ట్రం తన విపత్తు నిధిలో పది శాతం లోపల స్థానిక విపత్తుగా ఖర్చు పెట్టుకోవచ్చట. చలిగాలికి ఢిల్లీ వణుకుతుంది కాబట్టి చలి జాబితాలో చేరిందా అని అడగాలనిపిస్తుంది. అలా అడగడం అన్యాయమే కావచ్చు, కానీ ఇంద్రకల్ వాళ్లకు జరిగిన దానికంటే పెద్ద అన్యాయం కాదు.

ఆ ఢిల్లీ చుట్టుపక్కలా పేదవాడి చావు ఇంతే చవక. 2018 మే 2 రాత్రి ఆగ్రా, భరత్‌పూర్, ఆల్వార్, ధోల్‌పూర్ ప్రాంతాలను దుమ్ము తుఫాను కొట్టింది. ఉత్తరప్రదేశ్, రాజస్థాన్‌లలో కలిపి వందమందికి పైగా పోయారు. చాలామంది నిద్రలోనే, ఇల్లు కూలి. అప్పుడు ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కర్ణాటకలో ఎన్నికల ప్రచారంలో ఉన్నారు. విమర్శలు వచ్చాక పర్యటన కుదించుకుని ఆగ్రా వెళ్లారు. ఆ దెబ్బ తర్వాతే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఉరుములు, పిడుగులు, ఈదురుగాలుల మీద మార్గదర్శకాలు రాసింది. రాష్ట్రం ఏం చేయాలి, జిల్లా ఏం చేయాలి, ఊళ్లో ఎవరు హెచ్చరిక చేర్చాలి, అన్నీ అందులో ఉన్నాయి. నిజంగా మంచి పుస్తకం. దాన్ని మన ఎన్ని మండలాఫీసుల్లో తెరిచి చూశారు?

చేయాల్సినవి ఆకాశంలోంచి ఊడిపడేవి కావు. రేకుల ఇంటికి కప్పు మీద రాళ్లు పెట్టడం మాని, రేకును దూలానికి హుక్కు బోల్టులతో బిగించాలి. గాలికి లేచిన రేకు కత్తిలా తెగ్గోస్తుంది, దాని మీద పెట్టిన రాయి కింద పడుకున్న పిల్లవాడి తల మీద పడుతుంది. ఆ బోల్టుల ఖర్చు ఎక్స్‌గ్రేషియా నాలుగు లక్షల్లో ఎన్నో వంతు? మార్చిలోనే వాలిన స్తంభాలు, వేలాడే తీగలు సరిచేయాలి. దుమారం తర్వాత అర్ధరాత్రి వానలో స్తంభమెక్కే కాంట్రాక్టు కార్మికుడి ప్రాణం కూడా అందులోనే ఉంది. కొనుగోలు కేంద్రం తెరిచిన రోజే పట్టాలు ఉండాలి, రైతు కిరాయికి తెచ్చుకోవడం ఏమిటి? కాంటా ఆలస్యమైతే ఆ నష్టం కొనేవాడిది కావాలి. కూలీల షెడ్డు గోడ పక్కన వేసిన కాంట్రాక్టరు మీద ప్రమాదం జరగకముందే కేసు పెట్టాలి. గాలిదుమారాన్ని, పిడుగును జాతీయ జాబితాలో చేర్చమని మన ఎంపీలు పార్లమెంటులో గొంతు చించుకోవాలి. ఒక్క లోక్‌సభలోనే రెండు రాష్ట్రాలకూ కలిపి 42 మంది ఉన్నారు.

ఇవి అడగడానికి ఇంకో దుమారం దాకా ఆగొద్దని చదువుతున్న మిమ్మల్ని వేడుకుంటున్నాను. మీ ఊరి కేంద్రానికి ఎన్ని పట్టాలు వచ్చాయి, మీ బడి ప్రహరీ గోడను ఎవరు ఎప్పుడు చూశారు, కిందటి వేసవిలో పడిన పంటకు ఎవరి పేరు రాశారు, ఎవరి పేరు వదిలేశారు అని రాసి అడగండి. నోటితో అడిగితే "చూస్తాం లెండి" అంటారు. కాగితం మీద అడిగితే ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సమాచార హక్కు కింద గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు పెట్టడానికి రుసుము లేదు. మండలంలో అయితే ఐదు రూపాయలు.